బిల్లు అమ్మేశారా... తాకట్టు పెట్టారా?

లాభాల్లో ఉన్న కంపెనీ జీతాలివ్వలేక తిప్పలు పడటం ఎప్పుడైనా చూశారా? చిన్న పరిశ్రమల్లో ఇది రోజూ ఉండే కథే. సరుకు వెళ్లిపోయింది. బిల్లు ఇచ్చేశారు. టాలీలో అమ్మకం పడింది, లాభం కూడా కనిపిస్తోంది. లేనిదల్లా డబ్బే. అది పార్టీ దగ్గరుంది. అరవై రోజులకో, తొంభై రోజులకో వస్తుంది. ఈలోగా కరెంటు బిల్లు ఆగదు, ఒకటో తారీఖు ఆగదు. జీఎస్టీ అయితే పార్టీ మనకు ఇచ్చినా ఇవ్వకపోయినా, నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు వచ్చే నెల 20లోపు కట్టాల్సిందే.

అందుకే రావాల్సిన బాకీలను చూపించి ముందే డబ్బు తెచ్చుకునే దారులు వచ్చాయి. సీసీ లిమిట్, బిల్ డిస్కౌంటింగ్, ఫ్యాక్టరింగ్, ట్రెడ్స్... పేర్లు చాలా ఉన్నాయి. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. బిల్లు ఇస్తాం, డబ్బు తీసుకుంటాం, అంతే కదా అనిపిస్తుంది. లెక్కల పుస్తకంలోకి వచ్చేసరికి మాత్రం ఇవి రెండు వేర్వేరు ప్రపంచాలు. ఒకటి అమ్మకం. రెండోది అప్పు. ఏది ఏదో తేల్చకుండా ఎంట్రీ వేస్తే కంపెనీ ఆరోగ్యం గురించి అందరికన్నా ముందు యజమానే మోసపోతాడు.

నేను జీడిమెట్లలో మా మేనమామ నడిపే అట్టపెట్టెల యూనిట్‌లో నాలుగేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఇరవై రెండు మంది పనిచేస్తారు. ఈ తేడా నాకు పుస్తకంలో కన్నా అక్కడే బాగా అర్థమైంది.

ముందు అసలు ప్రశ్న

కిందటేడాది ఒక పెద్ద కస్టమర్ దగ్గర మాకు 10 లక్షల బిల్లు ఆగింది. జీతాలకు డబ్బు కావాలి. మామయ్య ఒక ఫైనాన్స్ కంపెనీతో మాట్లాడి, ఆ బిల్లు మీద 8 లక్షలు తెచ్చాడు. డబ్బు అకౌంట్లో పడిన రోజు నా టేబుల్ దగ్గరికి వచ్చి, ‘‘ఒరేయ్, బిల్లు అమ్మేశామని ఎంట్రీ వేసెయ్‌రా. అప్పని చూపిస్తే బ్యాంకోళ్లు లిమిట్ పెంచరు’’ అన్నాడు.

‘‘మామయ్యా, పార్టీ కట్టకపోతే ఆ 8 లక్షలు ఎవరు కట్టాలి?’’ అని అడిగా.

‘‘ఎవరేంటి, మనమే. అగ్రిమెంట్‌లో రాశారుగా.’’

‘‘మరి అమ్మేసినట్టు ఎలా అవుతుంది?’’

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘‘అందరూ అలాగే వేస్తార్రా’’ అన్నాడు.

మొత్తం అకౌంటింగ్ సూత్రం ఈ నాలుగు మాటల్లోనే ఉంది. పాత బండి అమ్మేశారనుకోండి. కొన్నవాడి దగ్గర అది చెడిపోతే బాగు చేయించుకునే బాధ్యత అతనిదే. ‘చెడిపోతే తిరిగి తీసుకుని డబ్బు వెనక్కి ఇస్తా’ అని రాసిచ్చారంటే మీరు బండిని అమ్మలేదు. బండి చూపించి డబ్బు వాడుకుంటున్నారు. బిల్లు కూడా అంతే. కస్టమర్ ఎగ్గొడితే నష్టం ఎవరిదన్నదే ప్రశ్న. ఆ నష్టం మనదే అయితే దాన్ని ‘విత్ రికోర్స్’ అంటారు. డబ్బు ఇచ్చినవాడిదైతే ‘వితౌట్ రికోర్స్’. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 109 ప్రమాణం కూడా అడిగేది ఇదే. బాకీకి సంబంధించిన లాభనష్టాల భారం నిజంగా చేతులు మారిందా? మారకపోతే ఆ బాకీని పుస్తకం నుంచి తీసేయకూడదు. తెచ్చిన డబ్బును అప్పుగానే చూపాలి.

కొన్ని చిన్న సంస్థల్లో డిస్కౌంట్ చేసిన బిల్లును డెబిటర్స్ నుంచి తీసేసి, ‘పార్టీ కట్టకపోతే మేం కట్టాల్సి రావచ్చు’ అని బ్యాలెన్స్ షీట్ కింద కాంటింజెంట్ లయబిలిటీ నోట్ రాసే పాత అలవాటు ఉంది. కనీసం ఆ నోట్ అయినా ఉండాలి. అదీ లేకపోతే అది దాచిపెట్టడమే.

దారి 1: బాకీలన్నీ కలిపి బ్యాంకుకు

చిన్న పరిశ్రమల్లో ఎక్కువగా కనిపించేది సీసీ అకౌంట్, అంటే క్యాష్ క్రెడిట్. గోదాములో ఉన్న సరుకునూ, రావాల్సిన బాకీలనూ బ్యాంకుకు హైపోథికేట్ చేస్తాం. బంగారంలా తీసుకెళ్లి లాకర్లో పెట్టేది ఏమీ ఉండదు. బాకీలు మన దగ్గరే ఉంటాయి, వసూలు చేసేదీ మనమే. వాటి మీద హక్కు మాత్రం బ్యాంకుకు ఉంటుంది. కంపెనీ అయితే ఆ ఛార్జ్‌ను మామూలుగా 30 రోజుల్లో రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర నమోదు చేయించాలి.

ఎంత వాడుకోవచ్చో చెప్పే లెక్కే డ్రాయింగ్ పవర్. సరుకు సంగతి పక్కనపెట్టి బాకీల వరకే చూద్దాం. డెబిటర్స్ మొత్తం 40 లక్షలు. అందులో 90 రోజులు దాటినవి 8 లక్షలు. బ్యాంకు షరతు 90 రోజులైతే ఆ 8 లక్షలను లెక్కలోకి తీసుకోదు. మిగిలిన 32 లక్షల్లో 25 శాతం మార్జిన్ అనుకుంటే 8 లక్షలు పోతాయి. డ్రాయింగ్ పవర్ 24 లక్షలు. మీకు శాంక్షన్ అయిన లిమిట్ 30 లక్షలున్నా వాడుకోగలిగేది 24 లక్షలే.

ఎంట్రీ విషయానికొస్తే ఇది సులువు. బాకీలు తాకట్టులో ఉన్నాయని డెబిటర్స్ ఖాతాలో పైసా కూడా తగ్గించకూడదు. 40 లక్షలు ఆస్తుల వైపు అలాగే ఉంటాయి. బ్యాంకు నుంచి వాడుకున్నది అప్పుల వైపు ఉంటుంది. ఈ అప్పుకు బుక్ డెట్స్ హామీగా ఉన్నాయని నోట్స్‌లో రాయాలి. తాకట్టు వల్ల ఆస్తి మాయం కాదు. దాని మీద ఇంకొకరి హక్కు కూడా ఉందని చెబుతున్నామంతే.

ఇక్కడ చాలామంది వదిలేసేది ఒకటుంది. తాకట్టులో ఉన్నా సరే, రాని బాకీ రాని బాకీయే. ఏడాది దాటినా పార్టీ ఫోన్ ఎత్తకపోతే దానికి ప్రొవిజన్ పెట్టాల్సిందే. డ్రాయింగ్ పవర్ తగ్గుతుందని పాత బాకీని కొత్త తేదీతో చూపిస్తే బ్యాంకుకు అబద్ధం చెప్పినట్టే.

దారి 2: ఒక్కో బిల్లు మీద అప్పు

ఇదే మామయ్య తెచ్చిన రకం. బిల్లు 10 లక్షలు, అడ్వాన్స్ 80 శాతం, విత్ రికోర్స్. లెక్క తేలిగ్గా ఉండేందుకు వడ్డీ నెలకు 1 శాతం, గడువు 2 నెలలు అనుకుందాం.

డబ్బు వచ్చిన రోజు: బ్యాంకు ఖాతా డెబిట్ 8,00,000. ఫైనాన్స్ కంపెనీ లోన్ ఖాతా క్రెడిట్ 8,00,000. కస్టమర్ ఖాతాను ముట్టుకోం. అక్కడ 10,00,000 అలాగే ఉంటుంది.

ప్రతి నెలాఖరున: వడ్డీ ఖర్చు డెబిట్ 8,000. లోన్ ఖాతా క్రెడిట్ 8,000. రెండు నెలలకు వడ్డీ 16,000.

కస్టమర్ పూర్తిగా ఫైనాన్స్ కంపెనీకే కట్టిన రోజు: లోన్ ఖాతా డెబిట్ 8,16,000. వాళ్లు మనకు పంపే మిగులు 1,84,000 బ్యాంకు ఖాతాకు డెబిట్. కస్టమర్ ఖాతా క్రెడిట్ 10,00,000. లోన్ తీరింది, బాకీ తీరింది.

కస్టమర్ కట్టకపోతే? 8,16,000 మన బ్యాంకు నుంచి పోతుంది, లోన్ తీరుతుంది. కస్టమర్ ఖాతాలో 10 లక్షలు ఇంకా మనకు రావాల్సినట్టే ఉంటాయి. వాటిని వసూలు చేసుకునే తలనొప్పి మనది.

మామయ్య చెప్పినట్టు వేసుంటే ఏమయ్యేదో చూడండి. మొదటి రోజే కస్టమర్ ఖాతాలో 8 లక్షలు క్రెడిట్ అయ్యేవి. బాకీలు తగ్గినట్టు, అప్పు లేనట్టు, వసూళ్లు జోరుగా ఉన్నట్టు కనిపించేది. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో అయితే ఇంకా అందంగా ఉండేది. అప్పు తెస్తే అది ఫైనాన్సింగ్ కింద పడుతుంది. బాకీ వసూలైతే ఆపరేటింగ్ కింద పడుతుంది. అంటే అప్పు చేసి తెచ్చిన డబ్బు వ్యాపారం సంపాదించిన డబ్బులా కనిపిస్తుంది. షేర్లు కొనేముందు ‘ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో బాగుంది’ అని సంబరపడేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

దారి 3: నిజంగా అమ్మేయడం

నిజంగా అమ్మే దారి కూడా ఉంది. అదే ట్రెడ్స్. రిజర్వ్ బ్యాంకు 2014 డిసెంబరులో మార్గదర్శకాలిచ్చింది. ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎమ్‌1ఎక్స్ఛేంజ్, ఇన్‌వాయిస్‌మార్ట్ వేదికలు 2017లో మొదలయ్యాయి. చిన్న పరిశ్రమ తన బిల్లును అక్కడ పెడుతుంది. కొన్న పెద్ద కంపెనీ ‘అవును, ఇది నేను కట్టాల్సిందే’ అని ఆన్‌లైన్‌లో ఒప్పుకుంటుంది. బ్యాంకులు, ఫ్యాక్టరింగ్ సంస్థలు ‘నేను ఇంత డిస్కౌంట్‌కు కొంటా’ అంటూ పోటీపడతాయి. మనకు నచ్చిన రేటు ఎంచుకోవచ్చు. ఇక్కడ ముఖ్యమైన సంగతేంటంటే, ఇది సరుకు అమ్మిన చిన్న పరిశ్రమకు వితౌట్ రికోర్స్. గడువు రోజున పెద్ద కంపెనీ కట్టకపోతే ఆ డబ్బు కోసం మన మీదికి రారు.

అదే 10 లక్షల బిల్లు, నెలకు 0.75 శాతం చొప్పున 2 నెలలకు 15,000 డిస్కౌంట్ అనుకుందాం. బ్యాంకు ఖాతా డెబిట్ 9,85,000. డిస్కౌంట్ ఖర్చు డెబిట్ 15,000. కస్టమర్ ఖాతా క్రెడిట్ 10,00,000. అయిపోయింది. లోన్ ఖాతా అనేదే లేదు. బాకీ పుస్తకం నుంచి న్యాయంగా వెళ్లిపోయింది. వేదిక ఫీజు, దాని మీద జీఎస్టీ ఉంటే వేరుగా వేసుకోవాలి.

250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు ట్రెడ్స్‌లో చేరాలని కేంద్రం 2024 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. అంతకుముందు ఆ పరిమితి 500 కోట్లు. చేరడం తప్పనిసరే కానీ, చేరిన కంపెనీ మన బిల్లును ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. అందుకే ఆర్డర్ తీసుకునేటప్పుడే ‘ట్రెడ్స్‌లో యాక్సెప్ట్ చేస్తారా?’ అని అడగడం మేలు. సరుకు పంపేశాక అడిగితే బేరమాడే బలం మన దగ్గర ఉండదు.

ఒకే బిల్లు, రెండు చోట్ల

అన్నింటికన్నా ప్రమాదం ఇక్కడుంది. ఒక బిల్లు మీద ఫైనాన్స్ కంపెనీ దగ్గర 8 లక్షలు తెచ్చాం. నెలాఖరున బ్యాంకుకు పంపే స్టాక్ స్టేట్‌మెంట్‌లో అదే బిల్లును డెబిటర్స్ కింద చూపించి డ్రాయింగ్ పవర్ తీసుకున్నాం. ఒకే బిల్లు రెండు అప్పులకు హామీ అయిపోయింది. చాలాచోట్ల ఇది దురుద్దేశంతో జరగదు. టాలీలో ఉన్న డెబిటర్స్ లిస్టును ఎక్సెల్‌లోకి తీసి యథాతథంగా బ్యాంకుకు పంపేయడం వల్ల జరుగుతుంది. కారణం ఏదైనా, బ్యాంకు దృష్టిలో తప్పు తప్పే.

అందుకే మేం ఒక పని చేస్తాం. బిల్లు మీద డబ్బు తీసుకున్న రోజే ఆ పార్టీ బాకీల్లో దానికి వేరే గుర్తు పెడతాం. స్టాక్ స్టేట్‌మెంట్ తయారుచేసేటప్పుడు గుర్తున్న బిల్లులు డ్రాయింగ్ పవర్ లెక్కలోంచి బయటికి పోతాయి. పైగా బాకీలన్నీ ముందే ఒక బ్యాంకుకు హైపోథికేట్ అయి ఉంటే, వాటిలో ఒకదాన్ని ఇంకొకరికి ఇచ్చేముందు ఆ బ్యాంకు నుంచి నో అబ్జెక్షన్ తీసుకోవాలి. మామయ్య తెచ్చిన 8 లక్షలకు కూడా ఆ లెటర్ తెచ్చాకే ఫైల్ కదిలింది.

చట్టం కూడా ఈ సందులు మూస్తూ వస్తోంది. ఫ్యాక్టరింగ్‌కు ఇచ్చిన బాకీల వివరాలు సెర్సాయి రిజిస్ట్రీలో నమోదు కావాలి. కారో 2020 వర్తించే కంపెనీకి బ్యాంకులు బాకీల్లాంటి ఆస్తుల హామీ మీద 5 కోట్లు మించి వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ఇచ్చి ఉంటే, మూడు నెలలకోసారి బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోయాయో లేదో ఆడిటర్ రిపోర్టులో రాయాలి. 2021 ఏప్రిల్ నుంచి బ్యాలెన్స్ షీట్‌లోనే బాకీల వయసు చూపించే పట్టిక కూడా వచ్చింది. ఆరు నెలల్లోపువి ఎన్ని, ఏడాదిలోపువి ఎన్ని, మూడేళ్లు దాటినవి ఎన్ని అని.

పెద్దవాళ్లు పడిన గోతులు

‘మనది చిన్న యూనిట్, ఇదంతా ఎందుకు’ అనుకోకండి. ప్రపంచంలో పెద్దపెద్ద కంపెనీలు పడింది కూడా ఈ గోతిలోనే.

బ్రిటన్‌లో గ్రీన్‌సిల్ క్యాపిటల్ 2021 మార్చిలో కుప్పకూలింది. బిల్లుల మీద డబ్బు ఇవ్వడమే దాని వ్యాపారం. కొన్ని కేసుల్లో అది ఇంకా జరగని అమ్మకాలను, ‘ముందుముందు రాబోయే బాకీలను’ చూపించి కూడా డబ్బు ఇచ్చింది. సరుకే వెళ్లనప్పుడు అది బాకీ ఎలా అవుతుంది? అదొక ఆశ, అంతే. ఆ బిల్లుల మీద నడిచిన దాదాపు 10 బిలియన్ డాలర్ల ఫండ్లను క్రెడిట్ స్వీస్ ఆపేయాల్సి వచ్చింది.

అమెరికాలో కారు విడిభాగాలు తయారుచేసే ఫస్ట్ బ్రాండ్స్ 2025 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఒకే బిల్లును ఒకరికన్నా ఎక్కువమందికి ఇచ్చారా అన్నది అక్కడ విచారణలో మొదటి ప్రశ్నల్లో ఒకటైంది.

మన హైదరాబాద్ సంగతి? 2009 జనవరి 7న సత్యం చైర్మన్ రాసిన లేఖలో అందరికీ గుర్తుండిపోయింది లేని నగదు. కానీ అదే లేఖలో ఇంకో లైను ఉంది. పుస్తకాల్లో చూపిన 2,651 కోట్ల బాకీల్లో 490 కోట్లు ఎక్కువ చేసి చూపించినవే. బాకీ అనేది కంటికి కనిపించని ఆస్తి. కాగితం మీద పుట్టించడం తేలిక. అందుకే దాని లెక్క మీద అంత జాగ్రత్త కావాలి.

మా బిల్లు ఏమైంది?

నేను లోన్ అనే చూపించాను. ఆ ఏడాది బ్యాంకు మా లిమిట్ పెంచలేదు. మామయ్య వారం రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. అత్తయ్య పేరు మీదున్న ఇల్లు ఆ లిమిట్‌కు పూచీగా ఉంది కాబట్టి ఆయన భయం నాకు అర్థమైంది.

కానీ ఆ నెలల్లోనే ఒక పాత కటింగ్ మిషన్ తక్కువ ధరకు వస్తోందని ఒకాయన వచ్చాడు. 6 లక్షలు అడ్వాన్స్ అడిగాడు. మామయ్యకు నచ్చింది. ఇద్దరం కూర్చుని బ్యాలెన్స్ చూశాం. బ్యాంకులో డబ్బు ఉంది, దాని ఎదురుగా 8 లక్షల లోన్ కూడా ఉంది. ‘‘ఇప్పుడొద్దులే’’ అన్నాడు ఆయనే. రెండు నెలల గడువు దాటింది. కస్టమర్ క్వాలిటీ పేరు చెప్పి బిల్లు ఆపాడు. ఫైనాన్స్ కంపెనీ అగ్రిమెంట్ ప్రకారం అసలు, వడ్డీ మా నుంచే తీసుకుంది. ఉన్న డబ్బు దానికే సరిపోయింది. మిషన్‌కు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఆ నెల ఇరవై రెండు మందికి జీతాలు లేవు.

కస్టమర్ చివరికి 60 వేలు కోసుకుని మిగతాది ఇచ్చాడు, ఇంకో మూడు నెలలకు. ఆ 60 వేలు నష్టం కింద రాసుకున్నాం.

మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి

సొంత స్టార్టప్ పెట్టినా, నాన్న షాపు లెక్కలు చూస్తున్నా, ఏదైనా కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం చేస్తున్నా ఇవి పనికొస్తాయి.

• అగ్రిమెంట్‌లో ముందు ‘రికోర్స్’ అనే మాట వెతకండి. మార్కెటింగ్ అబ్బాయి ఫోన్లో చెప్పింది కాదు, కాగితంలో రాసిందే లెక్క.

• ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఆ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి. ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడిగే హక్కు ఉంది.

• ఆదాయపు పన్ను చట్టంలో 43బి సెక్షన్‌కు 2023లో ‘హెచ్’ క్లాజు చేర్చారు. 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి అమల్లోకి వచ్చింది. గడువులోగా చిన్న సంస్థలకు కట్టకపోతే కొన్నవాళ్లకు ఆ ఖర్చు కట్టిన ఏడాదే లెక్కలోకి వస్తుంది. మార్చిలో పార్టీకి ఫోన్ చేసేటప్పుడు ఈ మాట గుర్తుచేయండి. పని చేస్తుంది.

• డిస్కౌంట్ చేసిన బిల్లులకు వేరే రిజిస్టర్ పెట్టండి. బిల్లు నంబరు, ఎవరికిచ్చాం, ఎంత తెచ్చాం, గడువు ఎప్పుడు. నాలుగు కాలమ్‌లు చాలు.

• వడ్డీ, డిస్కౌంట్‌లను అమ్మకాల్లో తగ్గించి చూపకండి. అవి ఫైనాన్స్ ఖర్చు. అప్పుడే అరువు మీద సరుకు అమ్మడానికి మనకు నిజంగా ఎంత ఖర్చవుతోందో తెలుస్తుంది. తర్వాతి కొటేషన్‌లో ఆ ఖర్చు కలుపుకోవచ్చు.

మామయ్య ఇప్పుడు కొత్త ఫైనాన్స్ వాళ్లెవరొచ్చినా వడ్డీ రేటు రెండోసారి అడుగుతాడు. మొదట అడిగేది, ‘‘పార్టీ ఎగ్గొడితే ఎవరి మీద పడుతుంది బాబూ?’’ అని.